కొక్కెర తెగులును గెలిచిన కోళ్ళు

ఇన్నేళ్ళలో మా యూనివర్సిటీ శాఖవాళ్ళెవరూ నా ప్రశ్నకు జవాబివ్వలేదు. అడిగిన ప్రతిసారీ నవ్వి తప్పుకున్నారు.

అరవయ్యో దశకం చివర నేను యూనివర్సిటీలో, కోళ్ళను చంపే కొక్కెర తెగులు వైరస్ మీద పరిశోధన చేసేవాణ్ణి. తార్నాకలో కోళ్ళు కొని, కొన్నిటికి టీకా వేసి, తర్వాత అన్నిటికీ వైరస్ ఎక్కించాను. టీకా వేయనివి చచ్చాయి, వేసినవి బతికాయి. బతికినవాటి రక్తంలో తెగులును ఎదిరించే శక్తి ఎంత పుట్టిందో చూడటమే నా పని. రక్తం తీయాల్సిన రోజు పొద్దున వెళితే షెడ్డు ఖాళీగా ఉంది.

ముందురోజు మా ప్రొఫెసర్ ఇంట్లో దావత్ జరిగింది. నన్ను పిలవలేదు.

"సార్, నా కోళ్ళేవి?" అని శాఖ గదిలో అందరి ముందూ ఆయన్ను అడిగాను.

"గవా? మస్తు బలిసినయ్. అందరు మెచ్చుకున్నరు. తార్నాకల కోళ్ళకు కరువా? ఇంకో నాలుగు తెచ్చుకో పో."

"గవి తెగులును తట్టుకున్న కోళ్ళు సార్!"

"మేం నీ లొల్లి తట్టుకుంటలేమా?"

గదిలో అందరూ పగలబడి నవ్వారు.

ఆ ఏడాదే, ఫలితాలు చూపలేదని నన్ను పరిశోధన నుంచి తీసేశారు. ఆ నిర్ణయం చేసిన ముగ్గురూ దావత్‌లో తిన్నవాళ్ళే. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ విద్యానగర్‌లో ఉంటున్నారు. అయ్యా, కోళ్ళను తినేసి ఫలితాలేవని నన్నెలా అడిగారు? ఇప్పటికైనా జవాబు చెప్పండి.