పీక్ నాహీ

మా చిన్నమ్మ గంగవ్వ చేను మూడున్నర ఎకరాలు. చంద్రపూర్ జిల్లాలో, రాజురా నుంచి కోర్పనా పోయే దారిలో, మా ఊరు దాటాక ఎడమ చేతి వైపు, వాగులోకి వాలి ఉంటుంది. నల్లరేగడి. గట్టి వాన పడితే చాలు, చేను కూడా వాగుతో పాటు బయలుదేరేది. ఎంత పోయిందో చూసుకోవడానికి చిన్నమ్మకు హద్దురాయి ఒకటి ఉండేది. ఆమె కోడలిగా వచ్చిన ఏడు ఆ రాయి చీలమండ దాకా ఉండేదట. చిన్నాన్న లస్మయ్య పోయేనాటికి మోకాలు దాటింది. రాళ్లు పెరగవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా ఎవరి పనుల్లో వాళ్లున్నారు.

1994లో వ్యవసాయ శాఖ నుంచి అనంతరావు అనే ఆయన వచ్చాడు. నీళ్లు నింపిన సన్నటి పైపు పట్టుకుని చేలల్లో తిరిగి, ఎత్తు సమంగా ఉన్న చోట్లు చూసి, వాలుకు అడ్డంగా సున్నం గీతలు గీశాడు. ఆ గీతల వెంట వట్టివేరు గడ్డి నాటాలన్నాడు. దాని వేళ్లు మనిషి లోతు దిగి మట్టిని పట్టుకుంటాయని, దున్నడం కూడా ఆ గీతల వెంటే అడ్డంగా దున్నాలని చెప్పాడు. పన్నెండు మంది పిలకలు తీసుకున్నారు. అందులో పదకొండు మంది వాటిని గట్టు మీద పడేసి ఎండబెట్టారు. చిన్నమ్మ ఒక్కతే నాటింది. ఆ గీతలు ఎక్కడా తిన్నగా లేవు, వాలు ఎటు తిరిగితే అవీ అటే తిరిగాయి. ఊరు నవ్వింది. నేనూ నవ్వాను. పన్నెండో తరగతి పాసై, ఊరందరికీ మరాఠీలో అర్జీలు రాసిపెట్టేవాణ్ణి కాబట్టి నా నవ్వుకు కాస్త విలువ కూడా ఉండేది.

రెండేళ్లకు గడ్డి ఛాతీ ఎత్తు పెరిగింది. అప్పుడు దాని మీద చిన్నమ్మ కొడుకు వెంకటి కన్ను పడింది. వెంకటి సాస్తి బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. రోజూ పట్నం కబుర్లు మోసుకొచ్చేవాడు.

"అమ్మా, గా గడ్డి పీకేద్దం. చంద్రపూర్ల కూలర్లు చేసెటోళ్లు ఖస్ అని గీ వేర్లే ఎన్ని తెచ్చినా తీస్కుంటరట. గా వంకర గీతలు పోతె ట్రాక్టర్ సీద తిరుగుతది. సోయాబీన్ ఏద్దం."

"మట్టి పోతది బిడ్డా."

"ఏడికి పోతదే? గట్టయ్య సీదనే దున్నుతుండు. ఆయన మట్టి పోయిందా?"

పోయింది. పక్క చేను గట్టయ్యకు ఆ సంగతి ఇంకా తెలియదు, అంతే.

చిన్నాన్న పోయాక భూమి కాగితం మీద ఎక్కింది వెంకటి పేరే. చిన్నమ్మ మాట రాయడానికి అందులో గడి లేదు. దసరా దాటగానే పీకేస్తానని వెంకటి చెప్పేశాడు. ఆమె ఏడవలేదు, తగాదా పెట్టుకోలేదు. పొద్దున్నే చేనుకు పోయి ఆ గడ్డి పక్కన కూర్చుని వచ్చేది. చూస్తే నాకు జాలేసేది, కానీ అర్జీ రాయడానికి వీలున్న విషయం కాదది.

దసరాకు వారం ముందు పంటలు చూసి రాసుకోవడానికి తలాఠీ, అంటే మన పట్వారీ, వచ్చాడు. మామూలుగా ఆయన చావడిలో కూర్చునే ఊరి పంటలన్నీ చూసేవాడు. ఆ రోజు మాత్రం స్కూటర్ టైరు సరిగ్గా చిన్నమ్మ చేను దగ్గరే పంక్చరైంది కనుక దిగి చూశాడు. వెంకటి గనికి పోయాడు. చిన్నమ్మ ఉంది, నేనున్నాను. తలాఠీ ఆ గడ్డి వైపు పెన్ను చూపించి, "హే పీక్ నాహీ" అన్నాడు. ఏమీ రాసుకోకుండా స్కూటర్ తోసుకుంటూ పోయాడు.

మరాఠీలో పీక్ అంటే పంట. ఇది పంట కాదని ఆయన అన్నాడు. కానీ మా ఊళ్లో తెలుగు మాటకు 'నాహీ' లాంటి మరాఠీ తోక తగిలించడం రోజూ ఉన్నదే.

"ఇన్నవా బిడ్డా? పీక నాహీ అన్నడు. పీకొద్దని సర్కారు మాట!" అంది చిన్నమ్మ, ముఖం వెలిగిపోతూ.

తప్పు దిద్దుదామని నోరు తెరవబోయాను. నిజం చెప్పాలంటే, ఆమె పెట్టిన వేరుశనక్కాయలు అప్పటికి నా నోటినిండా ఉన్నాయి. నమిలి మింగేలోపు ఆమె ముఖం ఇంకోసారి చూశాను. ఇక చెప్పలేకపోయాను.

సాయంత్రం వెంకటి మా ఇంటికి వచ్చాడు. వెనకే చిన్నమ్మ.

"సుదర్శనన్నా, తలాఠీ నిజంగ పీకొద్దన్నడా?"

"అన్నడు," అన్నాను.

"రాసుకున్నడా?"

"రాసుకున్నడు."

మొదటిదాన్ని పొరపాటు కింద తోసేయవచ్చు. రెండోది శుద్ధ అబద్ధం. వెంకటి గనిలో ఎవరికీ భయపడడు కానీ, తలాఠీ పుస్తకమంటే హడలు. గడ్డి నిలబడింది.

అప్పటి నుంచి ప్రతి సోమవారం చిన్నమ్మ నన్ను పిలిచి జొన్నరొట్టె, పుంటికూర, ఒక్కోసారి సర్వపిండి పెట్టేది. చదువుకున్న అక్క కొడుకంటే ఆమెకు ఎంత ప్రేమో అనుకుంటూ తినేవాణ్ణి. ఆ చేను నా మౌనం మీదే నిలబడిందన్న గర్వం కూడా లోపల ఉండేది. మూడేళ్లు తిన్నాను.

1999లో మూడు రోజులు వదలకుండా వాన కొట్టింది. నాలుగో రోజు పోయి చూస్తే గట్టయ్య చేను మధ్యలో మనిషి లోతు గండి. పత్తి లేదు, మట్టి లేదు, కింద మొరం తేలింది. చిన్నమ్మ చేనులో నీళ్లు గడ్డి సందుల్లోంచి నిదానంగా దిగిపోయాయి. మట్టి మాత్రం గడ్డి దగ్గరే ఆగి మేట వేసింది. హద్దురాయి మోకాలి కిందికి బెత్తెడు దిగింది. వెంకటి దాని పక్కన చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు దాని మీది బురద చేత్తో తుడిచాడు.

మరునాడు గట్టయ్య వచ్చి పిలకలు అడిగాడు. "పీకొద్దని తలాఠీ రాస్కున్నడు," అని వెంకటి తిప్పి పంపేశాడు. నా అబద్ధం ఇప్పుడు పక్క చేనుకు అడ్డం పడింది. ఇక లాభం లేదని చిన్నమ్మను వెతుక్కుంటూ చేనుకు పోయాను. ఆమె అప్పటికే ఒక కుదురు తవ్వి తీసి, గట్టయ్య కోసం పిలకలు విడదీస్తోంది.

"చిన్నమ్మా, తలాఠీ పీకొద్దనలే. పీక్ అంటే మరాఠీల పంట. నీకు తప్పు ఇనవడ్డది."

ఆమె తల ఎత్తలేదు. "రాజురా అంగట్ల ముప్పై ఏండ్లు మిరపకాయలు అమ్మిన బిడ్డా. పీక్ అంటే ఏందో నాకు తెల్వదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వే వెంకటికి ఏడ చెప్పేస్తవో అని భయముండె. గందుకేగా సోమారం సోమారం కడుపునిండ పెట్టిన."

ఆ తర్వాతి సోమవారం ఆమె పిలవలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, సిగ్గు విడిచి నేనే పోయాను.

"ఇంక నువ్వు చెప్పినా వాడు పీకడు బిడ్డా, ఎందుకచ్చినవ్?" అంటూనే చిన్నమ్మ కంచం పెట్టింది.