మబ్బును చూడని సూది

ఆ రోజుల్లో, అంటే ఊరూరా ఇంటి కప్పుల మీద చిన్న డిష్‌లు మొలుస్తున్న రెండు వేల దశకంలో, నేను ఆకాశంతో తలపడ్డాను. ఇదొక వీరగాథ. కాదులెండి, ఇందులో వీరుడూ లేడు, యుద్ధమూ లేదు. ఉన్నది మా బాబాయి కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు, వాటి పక్కన నేను.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా మైక్రోవేవ్ రేడియోమీటరు చేశాను. పేరు పెద్దదే గానీ, ఒక పాత డిష్, దాని ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, డిష్ బిగించేవాళ్లు వాడే సూది మీటరు, అంతే. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి సన్నగా మైక్రోవేవ్‌లు వదులుతుంది. గోడకు తిప్పితే సూది లేస్తుంది, ఖాళీ ఆకాశానికి తిప్పితే దిగుతుంది. మబ్బొస్తే కాస్త లేవాలి. (ఆ ‘కాస్త’ ఎంతో పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను చదవలేదు.)

మార్చిలో ఒక ఆదివారం దాన్ని భద్రాచలం దగ్గర అడవి అంచునున్న బాబాయి ఊరికి మోసుకుపోయి, కళ్లంలోనే నిలబెట్టాను. మధ్యాహ్నానికి గాలి మారింది. చిన్నమ్మ కాయల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టా తీసుకొచ్చింది.

“మబ్బు పట్టింది, జల్దీ కుప్ప చెయ్యుండ్రి!”

“ఆగు చిన్నమ్మా, సూది ఇంకా దిగుతున్నది. ఆకాశం తేటపడుతుంది,” అన్నాను, తలెత్తకుండా.

“గా సూది సంగతేంది? పైకి చూడరాదు!”

“కండ్లు మోసం చేస్తయి చిన్నమ్మా, మీటర్ చెయ్యదు.”

“నాలుగేండ్లు చదివిండు, ఊకెనే చెప్తడా?” అన్నాడు బాబాయి. “ఉండనియ్. ఇంకొక్క ఎండ తగిల్తే గలగలమంటయ్.”

ఏడాది పంట కళ్లంలో ఉంది. నన్ను అంతగా నమ్మినవాళ్లు మా కాలేజీలో ఒక్కరూ లేరు. సూది దిగింది. ఆ వెంటనే వాన దిగింది. ముగ్గురం పరిగెత్తి సగమే కప్పగలిగాం. చిన్నమ్మ తడిసిన కాయలను చేటలోకి ఎత్తుతూ పోయింది. తిట్టినా బాగుండేది. బాబాయే, నిలువునా తడుస్తూ, “నీ మీటర్ తడుస్తది, లోపట పెట్టుకో బిడ్డా,” అన్నాడు. ఆ ‘బిడ్డా’ ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

“మధ్యల గోడకు తిప్పి, సూది ముందటంతే లేస్తున్నదా అని చూసుకున్నవా?” అని అడిగారు మర్నాడు కాలేజీలో మా సారు. లేదన్నాను. ఎండకు ఎల్‌ఎన్‌బీ వేడెక్కి మందగించిందట, సూది అందుకే దిగిందట. మబ్బు తెచ్చే తేడా ఆ మందగింపు కన్నా చిన్నదట, అలాంటి సాదా మీటరుకు అది ఆనదట.

నెత్తిన నల్లమబ్బు పెట్టుకుని సూదిలోకి చూస్తున్న ఆ మేధావి గుర్తొస్తే నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది. తడిసిన మిరపకాయకు ఎంత ఎండబెట్టినా ఎరుపు తిరిగి రాదు. ఖమ్మం మిర్చి యార్డులో దాన్ని తాలు కింద, అంటే రంగు పోయిన నాసిరకం కాయ ధరకే కొంటారు.