ఆపితే ఆగే చప్పుడు

జగిత్యాలలో గిటారు మీద హెవీ మెటల్ పాటలు వాయించేవాళ్లలో నంబర్ వన్ ఎవరని అడిగితే మొహమాటం లేకుండా నేనే అని చెప్తాను. ఆఖరి నంబరు ఎవరని అడిగినా నేనే అని ఒప్పుకోవాల్సి వస్తుంది. పోటీకి ఇంకెవరూ రాలేదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి క్లాసు ఫస్టు రావాలంటే ఇదొక్కటే ఉపాయం: ఎవరూ చేరని క్లాసులో చేరడం.

బతుకుతెరువు సౌండు సర్వీసు. పెళ్లి బరాతులకు, నిమజ్జనాలకు డీజే బాక్సులు కట్టి, వైర్లు లాగి, పాటలు పెడతాను. మల్యాల నుంచి సారంగాపూర్ దాకా నేను మోగించని వాడ లేదు. నా ముందు జనం చెమటలు కక్కేలా ఎగురుతారు. ఎగిరేది వాళ్ల పాటలకు, నా పాటకు కాదు. ఒకసారి ఒక బరాత్‌లో, పెళ్లికొడుకు బండి దిగేలోపు దొరికిన సందులో, నాకిష్టమైన మెటల్ ముక్క ఒకటి పెట్టి చూశాను. పెళ్లికొడుకు మేనమామ ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏమైంది తమ్మీ, బాక్సు పేలిందా?"

"లేదు మామా, పాట."

"గిది పాటనా? అయితే జెల్ది బాగుచెయ్యి."

బాగుచేశాను. మళ్లీ జనం ఎగిరారు.

నేనుండేది ఎరువుల దుకాణం పైన కిరాయి గదిలో. గిటారు, ఫోను, ఇయర్‌ఫోన్లు, మంచం. గిటారును ఫోనుకు కలిపి, చెవుల్లో పెట్టుకుని వాయిస్తాను. ఇన్నేళ్లలో నేను వాయించింది నా రెండు చెవుల మధ్య తప్ప ఎక్కడా మోగలేదు. బయటివాడికి కనిపించేదల్లా మంచం మీద ఒక మనిషి తల విసురుతూ, తీగెల మీద టిక్కుటిక్కుమనిపిస్తూ ఉండటమే. కింది దుకాణం సేటు నీళ్ల మోటరు చూద్దామని పైకి వచ్చి నన్ను చూశాడు. తలుపు దగ్గరికేసి దిగిపోయాడు. తెల్లారి చాయ్ తాగుతుంటే "దావఖానకు పోదామా?" అని అడిగాడు, ఎంతో ప్రేమగా.

నా గిటారు వినాలని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. సిరిసిల్లలో మా బావ.

బావ సాంచెలు నడుపుతాడు. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. రేకుల షెడ్డులో వరసగా సాంచెలు, వాటి మధ్య సందులో బావ. ఆ చప్పుడులో నోటిమాట పనికిరాదు. పెదవులు చూసి, చేతి సైగ చూసి మాట్లాడుకుంటారు. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వినీ వినీ బావ చెవులు సగం పోయాయి. సన్నటి చప్పుళ్లు, పిట్టలు, ఫోను గంట, మా అక్క సణుగుడు, ఇవేవీ వినపడవు. దబ్బుదబ్బుమనే బరువు చప్పుళ్లే మిగిలాయి. అవి కూడా మెల్లగా పోతాయని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి అక్క నాకు వంటింట్లో చెప్పింది, మామూలు గొంతుతోనే. గుసగుసలాడే అవసరం ఆ ఇంట్లో ఎప్పుడో తీరిపోయింది.

అదే రోజు అన్నం తింటూ బావ అన్నాడు: "బామ్మర్దీ, గిటారు వాయిస్తవటగద. నాకు ఇనవెట్టవా ఏంది?"

ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. చెవుల్లో పెట్టుకుని చాలాసేపు పైకప్పు వంక చూశాడు. సౌండు చివరిదాకా పెంచాను.

"ఈగ తిరుగుతున్నట్టుంది" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "మంచి ఈగనే" అన్నాడు.

ఆ రోజే అనుకున్నాను, అసలైన యాంప్లిఫయరు కొనాలి. అడిగింది ఒక్కడు. ఆ ఒక్కడి చెవులు ఎక్కువ రోజులు ఆగేలా లేవు.

మెటల్‌కు కావాల్సింది వాల్వుల యాంప్లిఫయరు. పాతకాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టాలుండేవి, అవే వాల్వులు. తీగె నుంచి వచ్చే పిసరంత చప్పుడును ఒక వాల్వు పెంచి ఇంకోదానికి అందిస్తుంది, అది ఇంకా పెంచి మరోదానికి. తట్టుకోలేనంత పెంచుకుంటూ పోతే చప్పుడు అంచులు చిరిగి, గరగరమని, కోపంగా బయటికి వస్తుంది. దాన్ని హై గెయిన్ అంటారు. మిషను చెడిపోతే వచ్చే చప్పుడును మిషను చెడిపోకుండా రాబట్టడం అన్నమాట. చిక్కెక్కడంటే, అంత పెంచాక చెయ్యి ఆపినా చప్పుడు ఆగదు, గుయ్యిమని సాగుతుంది. మెటల్‌లో కుడిచేతి అంచును తీగెల మీద ఆనించి డగ్ డగ్ డగ్ అని కొట్టి, టక్కున ఆపుతాం. ఆ ఆపడం కత్తితో కోసినట్టు ఉండాలి. ఇంకో చిక్కు: ఈ వాల్వులది సన్నగా పెడితే ప్రాణం ఉండదు. గట్టిగా పెట్టాలి. నా గదిలో గట్టిగా పెడితే సేటు ఈసారి దావఖానకు పోదామా అని అడగడు, అంబులెన్సునే పిలుస్తాడు.

మా చుట్టుపక్కల అలాంటివి రెండే దొరికాయి. ఒకటి జగిత్యాలలోనే, ఆర్కెస్ట్రా మానేసిన ఒక పెద్దాయన దగ్గర. చిన్నది. స్పీకరు దాని కడుపులోనే ఉంటుంది. రెండోది కోరుట్లలో, సౌదీలో ఏసీ మెకానిక్‌గా చేసి తిరిగొచ్చిన ఒక భాయ్ ఇంట్లో. అది పెద్దది, వంద వాట్లది. మా డీజే వాళ్లకు వాట్లంటే పరువు. చూడకముందే పెద్దదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను.

భాయ్ ఇంట్లో అది టీవీ కింద, కుట్టుపూల గుడ్డ కప్పుకుని ఉంది. గుడ్డ తీశాడు.

"తలకాయ వచ్చింది తమ్మీ, మొండెం దమ్మామ్లనే ఉన్నది. స్పీకరు పెట్టె కార్గోల పట్టలే."

"నువ్వు వాయిస్తవా అన్నా?"

"నేనా? తోబా! నా రూముల ఫిలిప్పీనాయన ఉండె. గాయినది. దేశం పోయేటప్పుడు నాకిచ్చి యాదికుంచుకో అన్నడు. రోజు వాయించేటోడు పాపం. రూముల నైట్ డ్యూటీ చేసి పండుకునేటోళ్లు ఉంటరు గద, దీన్ని ముట్టకుంట గిటారు ఫోనుకు తగిలిచ్చి చెవులకు పెట్టుకొని వాయించేటోడు. నాకు తీగెల టిక్కుటిక్కు తప్ప ఏం ఇనరాకపోయేది."

దమ్మామ్‌లో ఒక మంచం మీద తల విసురుతూ కూర్చున్న మనిషిని చూసినట్టే అయింది. నాకు తెలియకుండా నంబర్ టూ ఒకడు ఉన్నాడు, సముద్రం అవతల.

భాయ్ ఈలోపు సౌదీ సామానుకు వాడే వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ప్లగ్గు పెట్టబోయాడు.

"ఆగన్నా! స్పీకరు లేకుండ ఆన్ చేస్తే లోపల కాలిపోతది."

"మరి ఇన్ని రోజులు మంచిగనే ఉండె గద?"

"ఆన్ చెయ్యలే గాబట్టి మంచిగున్నది."

"నేను సుత గంతే తమ్మీ, వాపస్ వచ్చినకాడికెల్లి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం ఆ గుడ్డ వైపు చూస్తూ చాయ్ తాగాం.

"తీస్కపోయి ఇను. నచ్చితే మాట్లాడుకుందం. కని ఎట్ల మోగిందో నాకైతే జెప్పాలె" అన్నాడు.

సర్వీసు ట్రాలీ ఆటోలో పెద్దదీ, పోల్చి చూద్దామని పెద్దాయనను అడిగి తెచ్చిన చిన్నదీ వేసుకుని, పెద్దదానికి మొండెం బదులు మా డీజే బాక్సులు రెండు ఎత్తుకుని సిరిసిల్ల పోయాను. నూలు రాక సాంచెలన్నీ ఆగి ఉన్న రోజులవి. ఆగిన షెడ్డులోకి నేను ఎప్పుడూ పోలేదు. గోడ అవతల ఎవరో బోళ్లు తోముతుంటే వినపడింది. ఆ షెడ్డులో అలాంటి చప్పుడు వినడం అదే మొదటిసారి, అదీ నాకు మాత్రమే.

బావ నూలు కండెల డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు, స్నానం చేసి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని. ఆ అంగీ చూశాక తీగెలు ఇంకోసారి శ్రుతి చేసుకున్నాను.

పెద్దది మొదలుపెట్టాను. ఒక్క దెబ్బకు రేకులు దడదడలాడి, ఏళ్లనాటి నూలు పొట్టు మా నెత్తిన రాలింది. అక్క చీర కొంగు చెవుల మీద నొక్కుకుంటూ బయటికి ఉరికింది. బావ చిరునవ్వుతో తల ఊపాడు. నేను ఆపాను. చప్పుడు ఆగలేదు. డీజే బాక్సులు గుమ్మని దాన్ని పట్టుకుని సాగదీశాయి. నాబులు తిప్పాను, గెయిన్ తగ్గించాను, మళ్లీ వాయించి ఆపాను. నేను ఆపాక కూడా బావ తల ఊపుతూనే ఉన్నాడు.

"మస్తుంది" అన్నాడు.

ఆ మస్తు నాకు తెలుసు. ఉప్పు తక్కువైన కూరకు అక్క ముందు అనే మస్తు అది. తీగెల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. గదిలో ఒంటరిగా ఉండటం అలవాటే. ఎదురుగా ఇస్త్రీ అంగీ వేసుకుని కూర్చున్న మనిషి ఉండగా ఒంటరిగా ఉండటం అలవాటు లేదు.

చేసేదేమీ లేక చిన్నదాన్ని కలిపాను. డగ్ డగ్ డగ్, టక్. చప్పుడు కోసినట్టు ఆగింది. తలెత్తి చూస్తే బావ నా వైపు లేడు. మెడ తిప్పి వెనక సాంచెల వైపు చూస్తున్నాడు. ఎవరో వచ్చారేమో అనుకున్నాను. మళ్లీ వాయించి, ఆపాను. మళ్లీ మెడ తిరిగింది. మూడోసారి డబ్బా మీది నుంచి సగం లేచాడు.

పెదవులు కదిపి అడిగాను: ఏంది బావా?

సిగ్గుపడ్డాడు. "ఏదో సాంచె ఆగిందనిపిస్తుందిరా."

అన్నీ ఆగే ఉన్నాయి. కాని నేతపని చేసేవాడి చెవి అలాంటిది. నడిచే సాంచె చప్పుడు వాడికి వినపడదు. వరసలో ఒక్కటి ఆగిందా, కండె అయిపోయిందో పోగు తెగిందో అని, నిద్రలో ఉన్నా లేస్తాడు. ఆ చెవులు సగం పోయినా ఆ గుణం పోలేదు. పెద్దదానితో నేను ఆపినట్టు బావకు తెలియనే లేదు. చిన్నదానితో ఆపిన ప్రతిసారీ తెలిసింది.

ఇక నేను ఊరుకుంటానా? ఒకసారి రెండు దెబ్బలకే ఆపాను, ఒకసారి ఆపినట్టే ఆపి మళ్లీ కొట్టాను. లేవడం, కూర్చోవడం, లేవడం. చివరికి బావ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు.

"నీ అక్కను చేసుకున్న పాపానికి లేవవెట్టుడు కూసోవెట్టుడేనా బామ్మర్దీ!"

ఇన్నేళ్లలో నేను ఎక్కడ ఆపానో కనిపెట్టిన మనిషి ఎవరూ లేరు. ఇయర్‌ఫోన్లు తీసేసి చూస్తే, ఆపినా వాయించినా గది ఒక్క తీరుగానే ఉండేది.

పెద్దదాన్ని కోరుట్లలో అప్పజెప్పాను. "మంచిగ మోగిందన్నా, ఆపితేనే ఆగుతలేదు" అన్నాను. ఫోనులో రికార్డు చేసింది వినిపించమన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని, అయిపోయాక కూడా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "గాయిన చెవుల గిట్ల మోగిందన్నట్టు" అన్నాడు. అమ్ముడుపోనందుకు బాధపడినట్టు కనిపించలేదు. గుడ్డ మళ్లీ కప్పి, మూలలు సర్దాడు.

చిన్నది కొన్నాను. అది ఉండేది సిరిసిల్ల షెడ్డులోనే, పొట్టు పడకుండా బావ పాత లుంగీ కప్పుకుని. ఇప్పుడు నూలు వస్తోంది. సాంచెలు నడిచే రోజు నాకు వాయిద్యం లేదు, నాకు వాయిద్యం ఉన్న రోజు బావకు కూలి లేదు. దేవుడికి ఏమని మొక్కాలో తెలియని బామ్మర్దిని నేను. మిగతా రోజుల్లో గది, మంచం, టిక్కుటిక్కు. సిరిసిల్ల నుంచి తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఖాళీగా గలగలలాడుతుంది. వేములవాడ దాటాక ఆ చప్పుడు కూడా పాటలాగే ఉంటుంది, కాని ఎక్కడా ఆగదు.

మొన్న పోయినప్పుడు సాంచెలు బందున్నాయి. వాయించడం అయ్యాక లుంగీ కప్పుతూ, బావకు పెదవులు కనపడేలా తిరిగి, ఎప్పటి జోకే వేశాను. "జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు కలిపి జల్లెడ వట్టినా గీ పాటకు మనిషిని ఒక్కన్నే బావా. ఫస్టు నేనే, లాస్టు నేనే."

బావ పొట్టు దులుపుకుంటూ లేచాడు.

"ఒక్కన్ని అనకు బామ్మర్దీ, ఒకటిన్నర అని జెప్పు. నాకు సగమే ఇనవడ్తది గని, నేనైతే ఉన్న గద."