గొడుగుకి పెట్టిన పిన్నీసు

మైకులో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. "త్రీ" అన్నప్పుడు మా అమ్మాయి నా చున్నీ పట్టుకుని లాగింది.

"అమ్మా, ఈసారి కుచ్చిళ్ళు చెదరవులే. నేను పిన్నీసు పెట్టాను."

"దేనికి?"

"నాన్న గొడుక్కి."

"ఆపండి" అని అరిచాను. ఆ మాట నాకే వినబడలేదు. ఇసుక లేచింది. మనిషెత్తు రాకెట్ నిప్పులు కక్కుకుంటూ ఆకాశంలోకి వెళ్ళిపోయింది.

మావారికి రాకెట్ల పిచ్చి. చలికాలంలో, అనుమతి దొరికిన శనివారాల్లో, ఇదే పిచ్చి ఉన్న నాలుగైదు దేశాలవాళ్ళతో కలిసి దోహా దాటి ఎడారిలోకి పోయి వదులుతారు. వదలడం ఒక ఎత్తు, చెక్కుచెదరకుండా తిరిగి తెచ్చుకోవడం ఒక ఎత్తు. పైకి చేరాక చిన్న పారాచూట్, నేల దగ్గరయ్యాక పెద్దది విచ్చుకోవాలి. మా ఇంట్లో వాటిని గొడుగులనే అంటాం. ఆ రోజు ఆయనకు పరీక్ష కూడా. రాకెట్ విరగకుండా దిగితే ఇంకా పెద్ద మోటారు వాడే అర్హత వస్తుంది. ఏడాదిగా ఆయన దాని కోసమే కూర్చున్నారు.

గొడుగు మడత పెట్టే డ్యూటీ నాది. ఆయన మడిస్తే తాళ్ళు చిక్కుపడతాయి. నేను ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాట్ హాల్లో సోఫా జరిపి, చీర కుచ్చిళ్ళు పోసినట్టే పోస్తాను. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు, చర్చి కూడా శుక్రవారమే. ఆ రోజు చర్చి నుంచి వచ్చాక ఆ పని చేసి, కూర మాడుతుంటే వంటింట్లోకి వెళ్ళాను. చర్చికి కట్టుకున్న చీర పిన్నీసులు బల్ల మీదే ఉన్నాయి. ప్రతి వారం నాకు కుచ్చిళ్ళు అందించే పిల్ల, అడుగున ఒకటి గుచ్చేసిందన్నమాట. తర్వాత మావారు వచ్చి, ఆ మడతను నిప్పంటని గుడ్డలో చుట్టేశారు, ఎడారికి వచ్చాక అలాగే గొట్టంలోకి దూర్చారు.

పక్కనే ఉన్న నిజామాబాద్ తమ్ముడు, మావారి కంపెనీలోనే సర్వేయర్, నేను ఆపమని చేతులూపడం చూసి నవ్వాడు. "వదినా, ప్రతిసారి ఆపుమంటవ్, అది ఎప్పుడన్న ఆగిందా?"

"గొడుక్కి పిన్నీసు ఉంది తమ్ముడూ. పెద్దదానికి."

అతని నవ్వు ఆగిపోయింది. "అన్నా, పెద్దది తెర్సుకోదంట," అని కేకేశాడు. మావారు చెప్పగానే మైకు దగ్గరున్న పెద్దాయన అందరినీ లేచి నిలబడమన్నాడు, ఎవరూ పరిగెత్తవద్దన్నాడు. చిన్నవాణ్ణి చంకనేసుకుని, పిల్లని వెనక్కి లాక్కుని పైకి చూస్తూ నిలబడ్డాను. చిన్న గొడుగు విచ్చుకుంది. తర్వాత 'టప్' మన్న చప్పుడుకి నారింజరంగు మూట బయటపడింది. అది మూటగానే ఉండిపోయింది. రాకెట్ నిండు గ్యాస్ బండలా దిగి, మాకు చాలా దూరంలో ఇసుకలో దిగబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. చిన్నవాణ్ణి కిందికి దించాను.

పికప్ వేసుకుని వెళ్ళాం. ఒక రెక్క విరిగింది, గొట్టం చీలింది. తమ్ముడు మూట తిప్పి చూశాడు. "ఇది ఎక్కడి పిన్నీసు వదినా? గంత ఎత్తుకెల్లి పడ్డా ఊడలే."

మా అమ్మాయి నా వెనక దాక్కుంది. "నేను పెట్టినందుకేనా?" అని నా చున్నీలోకి అడిగింది.

మావారు పిన్నీసు విప్పి, కాసేపు చూసి, చొక్కా జేబుకి గుచ్చుకున్నారు. "ఇన్నాళ్ళూ నేను కట్టినవన్నీ ఊడాయి. ఇదొక్కటే నిలబడింది," అన్నారు. పరీక్ష చేసే ఆయనకి విషయం చెబితే, నవ్వుతూ అర్హత కాగితం సంతకం చెయ్యకుండానే మడిచి పెట్టుకున్నాడు. "యల్లా, నెక్స్ట్ మంత్," అన్నాడు, పోదాం పదండి అన్నట్టు.

నెల అంటే మావారికి లెక్కలేదు. పిల్లకే ఆ దిగులు తీరలేదు. దారిలో కొన్న పరోటా ముట్టలేదు. కారులో నాన్న ఈల వేస్తున్నా తలెత్తలేదు.

ఆదివారం పొద్దున బడికి జడలు వేస్తుంటే అంది. "ఇంక నేను గొడుగు ముట్టుకోను."

"అయితే నేను పెడతా పిన్నీసు," అన్నాడు చిన్నవాడు, పాలగ్లాసులోంచి.

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. "పిన్నీసు ఉండాల్సిందే. కారు కుదుపులకి కుచ్చిళ్ళు నిలవాలంటే అదే పద్ధతి, అక్క సరిగ్గానే ఆలోచించింది. కాకపోతే దానికి ఈ ఎర్ర రిబ్బను కడదాం. గొట్టంలో పెట్టేముందు అక్కే తియ్యాలి. రిబ్బను తన చేతిలో చూశాకే నాన్న మూత బిగిస్తారు."

పిల్ల జడ చివర రిబ్బనుని వేలికి చుట్టుకుంది. "నేను మర్చిపోతే?"

"అందుకేగా నేనున్నది, ఆపండి అని అరవడానికి. ఈసారి టెన్ దగ్గరే మొదలుపెడతాను," అన్నాను.