పసుపు పెట్టిన టోపీ

బడిలో వస్తువులు పోతాయని నాకెవరూ చెప్పలేదు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా పుట్టిల్లు కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే మా ఊరి దారి నీళ్ళ కింద ఉండేది, బడి అవతలి ఒడ్డున ఉండేది. అందుకని మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, పద్యాలు చెప్పారు, లెక్కలు చేయించారు. పదో తరగతి పరీక్ష కూడా ప్రైవేటుగానే రాశాను. నా పలక గూట్లో పెడితే గూట్లోనే ఉండేది. నా చదువు అయ్యేదాకా దాన్ని ఇంకొకరు ముట్టుకున్నది లేదు. అంతమంది పిల్లల బట్టలు, సీసాలు, క్యారేజీలు ఒకే గదిలో కాపురం చేస్తే ఏమవుతుందో నాకెలా తెలుస్తుంది?

మా పాపకి మాటలు ఆలస్యంగా వచ్చాయి. మూడేళ్ళు నిండినా 'అమ్మ', 'తాత' తప్ప నోట ఇంకో మాట లేదు. ఏలూరులో డాక్టరు గారు చూసి చెవులు బాగానే ఉన్నాయి, కంగారు పడకండి, వాటంతటవే వస్తాయి అన్నారు. కంగారు పడకుండా ఎలా ఉండాలో మాత్రం రాసివ్వలేదు. నేను చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాను. ద్వారకా తిరుమలని మా వైపు అందరం చిన్న తిరుపతి అనే అంటాం. పిల్ల నాలుగు మాటలు కలిపి మాట్లాడిన ఏడాదే దాని తలనీలాలు ఇచ్చుకుంటానన్నాను. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ అది ముద్ద పక్కన పెట్టి, "అమ్మా, పప్పులో ఉప్పు లేదు" అంది. నేను కంచం ముందే కూర్చుని ఏడ్చాను. మా అత్తగారు పప్పు రుచి చూసి, "నిజమే, లేదు" అన్నారు.

మొక్కు తీర్చుకోవడానికి వేసవి మంచిదని, బడి తెరవక ముందే కొండకి తీసికెళ్ళాం. గుండు చేయించి, గంధం పూసి, కొండ కిందున్న కొట్లో తెల్ల టోపీ ఒకటి కొన్నాం. వెనకాల ఎలాస్టిక్ ఉన్న నూలు టోపీ. ఇంటికి రాగానే అలవాటు ప్రకారం దాని లోపలి అంచుకి పసుపు పెట్టి, అప్పుడే పిల్ల నెత్తిన పెట్టాను. కొత్త బట్టకి పసుపు పెట్టకుండా ఒంటికి తగలనివ్వడం నాకు చేతకాదు.

జూన్‌లో మేముండే ఏలూరులోనే, కాలవ పక్కనున్న ఒక స్కూల్లో నర్సరీలో చేర్చాం. మొదటి రోజే టీచరు గారు చెప్పారు, ప్రతి వస్తువు మీదా మార్కర్‌తో పేరు రాసి పంపండమ్మా అని. బాటిల్ మీద రాశాను. క్యారేజీ మీద రాశాను. బట్టల మీద రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. పాపకి మేం అమ్మవారి పేరు పెట్టుకున్నాం. పిల్లల టోపీలు, సాక్సులు నేల మీద పడతాయి, పదిమంది కాళ్ళ కింద నలుగుతాయి. ఆ పేరు రాసి మరీ తొక్కించడం నాకు ఇష్టం లేకపోయింది. అయినా పసుపు ఉంది కదా, అదే గుర్తు అనుకున్నాను.

ఆ వారంలోనే టోపీ పోయింది.

సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళేసరికి పాప రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నిలబడి ఉంది. వాన పడుతున్నప్పుడు పెట్టుకుంటామే, అలా. టోపీ ఏదమ్మా అంటే మాట్లాడదు. ఎవరు తీశారమ్మా అంటే అసలే మాట్లాడదు. తరవాత తెలిసింది, పిల్లలంతా గుండు మీద తట్టి చూస్తున్నారని. నున్నగా ఉందని ముచ్చటకి తడుతున్నారట. ముచ్చట పడేది వాళ్ళు, తట్టించుకునేది ఇది.

టోపీ ఉన్న నాలుగు రోజులూ పాప ఇంటికొచ్చి ఏవేవో చెప్పేది. టోపీ పోయాక బడి కబుర్లు ఆగిపోయాయి. టీచరు గారిని అడిగితే, "క్లాసులో అస్సలు నోరు తెరవదండి. మాటలు రావనుకున్నామండి" అన్నారు. మూడేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న మాటలు. వాటి కోసం ఇచ్చిన జుట్టు వల్లే మళ్ళీ పోతాయా?

ఇంట్లో చెబితే మా అత్తగారు తల పంకించారు. "మొక్కు నీది, గుండు దానిది. నీ జుట్టులోంచి మూడు కత్తెర్లు నువ్విచ్చి ఊరుకుంటే పోయేది కదే అమ్మాయ్."

స్వామి మీద కోపం తెచ్చుకోలేను. ఆయన ఇవ్వాల్సింది ఇచ్చాడు. పిల్ల మీద తెచ్చుకోకూడదు. ఇక మిగిలింది టోపీ. నా కోపమంతా తీసికెళ్ళి ఆ గుడ్డ ముక్క మీద పెట్టాను.

"ఎక్కడో ఉంటుంది లెండి" అనేది ఆయా. "ఎక్కడికీ పోదండి, ఎక్కడో ఉంటుంది" అనేవారు టీచరు గారు. ఎక్కడో ఉంటుందని నాకూ తెలుసు. లోకంలో ప్రతి వస్తువూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. మా పాప నెత్తిన లేదన్నదే నా బాధ.

మావారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లో పనిచేస్తారు. పొద్దున్నే రైలుకి వెళితే రాత్రికి వస్తారు. ఆయనకి చెబితే, "టోపీయే కదా, ఇంకోటి కొను" అన్నారు. బజారులో ఆ కొలత దొరకలేదు. నా పాత నూలు జాకెట్టు విప్పదీసి, పసుపుపచ్చ అంచు, వెనకాల గట్టి ఎలాస్టిక్ పెట్టి నేనే చేత్తో కుట్టాను. అంచుకి మళ్ళీ పసుపు పెట్టాను. పాప అద్దంలో చూసుకుని తల అటూ ఇటూ తిప్పుకుంది. ఆ రోజు సాయంత్రం బడి నుంచి వస్తూ, ఆయా వేలికి తేలు బొమ్మ ఉంగరం ఉందని చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాతి వారం అదీ పోయింది.

మళ్ళీ రెండు చేతులూ నెత్తిన. మళ్ళీ మౌనం. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పసుపుపచ్చ అంచు ఉన్న టోపీ ఒకటి, కొండ మీద టోపీ ఒకటి, పొరపాటున ఎవరింటికైనా వస్తే దయచేసి పంపండి అని. జవాబుగా అయిదారు నమస్కారాల బొమ్మలు వచ్చాయి. ఒకావిడ గులాబీ పువ్వు పెట్టారు. ఇంకొకావిడ మా బాబు బెల్టు కూడా కనపడటం లేదండి అన్నారు. దానికీ నమస్కారాలే వచ్చాయి. తెల్లారేసరికి నా టోపీలు శుభోదయాల కింద పూడుకుపోయాయి.

ఏ ఇంట్లోనో ఏ మేకుకో మా పాప టోపీ వేలాడుతూ ఉంటుంది. ఆ ఇల్లాలు రోజూ చూస్తూనే ఉంటుంది. మనది కాదని తెలిసీ తీసి బ్యాగులో పెట్టడానికి బద్ధకం. పూజకి కూర్చుంటే కూడా అదే ఆలోచన. సహస్రనామం చదువుతూ ఎక్కడున్నానో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టిన రోజులున్నాయి.

చివరికి ఒక శనివారం సాయంత్రం తాడో పేడో తేల్చుకుందామని స్కూలుకి వెళ్ళాను. టీచరు గారు మెట్ల కింద ఉన్న పెద్ద నీలం టబ్బు చూపించారు. "దొరికినవన్నీ ఇందులో వేస్తామండి. చూసుకోండి."

కిందకి వంగి వెతికాను. జత లేని సాక్సులు, టైలు, మూత లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. పాప నా పక్కనే, చేతులు నెత్తిన పెట్టుకుని నిలబడింది. నేను కుట్టిన టోపీ లేదు. అడుగున తెల్ల టోపీ ఒకటి చేతికి తగిలింది. వెనకాల ఎలాస్టిక్. తిరగేసి చూశాను. లోపలి అంచుకి పసుపు. నా ప్రాణం లేచి వచ్చింది.

"దొరికిందండి, ఇదేనండి మాది."

నా వెనక ఒకావిడ నిలబడి ఉన్నారు. దెందులూరు నుంచి ఆటోలో వచ్చి పిల్లాడిని తీసికెళ్తుంటారు. వాడిదీ గుండే.

"ఏవండీ, అది మా వాడిదండి" అన్నారావిడ.

"కాదండి. మేం చిన్న తిరుపతిలో కొన్నామండి."

"మేమూ అక్కడే కొన్నామండి. ఆ కొట్లో అందరికీ అవే ఇస్తారండి."

"లోపల పసుపు ఉందండి, చూడండి. నా చేత్తో నేను పెట్టాను."

"పసుపు మేం మాత్రం పెట్టమా అండి? ఎవరు పెట్టరండి?"

మా గోదావరి వైపు కోపం పెరిగేకొద్దీ 'అండి'లు కూడా పెరుగుతాయి. మేమిద్దరం టోపీకి చెరో అంచు పట్టుకుని ఎంత మర్యాదగా మాట్లాడుకున్నామో చెప్పలేను. టీచరు గారు మధ్యలోకి వచ్చి టబ్బులో నుంచి ఇంకో రెండు తెల్ల టోపీలు తీసి ఇచ్చారు. ఆ వేసవిలో కొండకి వెళ్ళింది మేమొక్కళ్ళమే కాదు. తిరగేసి చూస్తే రెంటికీ పసుపే. నేను గుర్తు అనుకున్నది ఊళ్ళో ప్రతి ఇంటి గుర్తూ అని నాకు అప్పుడు తెలిసింది. అందుకే పేర్లు రాయమంటామమ్మా అన్నారు టీచరు గారు. ఆవిడ అన్నది న్యాయమే, అయినా నాకు ఒళ్ళు మండింది.

"సరేనండి, మూడున్నాయి కదా. ఏదో ఒకటి మాదై ఉంటుంది" అని, చేతిలోది వదలకుండా పాపకి పెట్టబోయాను.

పాప తల వెనక్కి లాక్కుంది.

"అమ్మా, అది మనది కాదు."

మెల్లగా అనలేదు. ఇంట్లో పప్పులో ఉప్పు లేదని చెప్పినట్టే చెప్పింది. నెత్తి మీంచి ఒక చెయ్యి తీసి ఆ పిల్లాడి వైపు చూపించింది. "అది వాడిది. వాడు ఎలాస్టిక్ నములుతాడు. చూడు."

చూశాను. ఎలాస్టిక్ ఒకచోట పీచులు పీచులుగా ఉంది. పిల్లాడు వాళ్ళమ్మ చీర వెనక్కి జరిగాడు.

"మరి మనదేదే?"

"మనది వ్యానులో వెళ్ళే అమ్మాయి పెట్టుకుపోయింది. ఆయా పెట్టింది. పడుకుని లేచాక ఆయా అందరికీ పెడుతుంది, ఏదోటి." రెండో చెయ్యి కూడా కిందకి వచ్చింది. ఇప్పుడు ఆ చేత్తో కిటికీ చూపించింది. "నువ్వు కుట్టింది అక్కణ్ణించి పోయింది. గాలికి. కాలవలోకి పోయింది."

"మరి రోజూ అడుగుతున్నాను కదే. ఒక్కరోజైనా చెప్పలేదేం?"

"నువ్వు ఎవరు తీశారు అన్నావు. ఎవరూ తియ్యలేదు."

టీచరు గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఇంత మాట్లాడుతుందాండి?" అన్నారు, నన్ను కాదు, ఆయాని. ఆయా, "నేనేం చేసేదండి, గుండ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి" అంది.

ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. ఉన్నమాట చెప్పాలి. అంతమంది ముందు నా కూతురు నన్ను అబద్ధాలదాన్ని చేసిందన్నదే ముందు తగిలింది. టోపీ ఆవిడ చేతికి ఇచ్చేశాను. "ఏమనుకోకండి" అన్నాను. "అయ్యో, దానికేముందండి" అని, ఆవిడ ఆ టోపీ పిల్లాడికి పెట్టకుండా కొంగుతో దాని దుమ్ము తుడిచారు. "మీ పాప భలే మాట్లాడుతుందండి. మావాడు ఇంట్లో ఒక్క ముక్క చెప్పడు" అన్నారు. అప్పుడు కూడా నేను థాంక్స్ అనలేదు. టబ్బులో మిగిలిన రెండు టోపీల్లో ఒకటి తీసుకోమన్నారు టీచరు గారు. ఎవరి పిల్లదో, ఎవరు పసుపు పెట్టారో, నాకు వద్దన్నాను.

ఆటోలో ఇంటికి వెళుతుంటే పాప ఉత్త గుండుతోనే నా ఒళ్ళో కూర్చుంది. డ్రైవరుతో సహా అందరికీ వినపడేలా చెబుతోంది. ఎవరి క్యారేజీలో ఏం కూర వస్తుందో, ఎవరు నిద్రలో తంతారో, కాలవలో టోపీ ఎలా తేలుతూ వెళ్ళిందో. పడవలా వెళ్ళిందట. వంతెన దాకా కనపడిందట. ఎండ గుండు మీద పడుతుంటే నా పైట కప్పబోయాను. తీసేసింది, మాటకి అడ్డం వస్తుందని.

పొద్దుగూకాక దీపం పెట్టి చేతులు జోడించాను. పిల్ల బడిలో నోరు విప్పింది స్వామీ అని చెప్పుకుందామనే కూర్చున్నాను. నోటికి వచ్చింది మాత్రం, అంత గట్టి ఎలాస్టిక్ పెట్టి కుట్టాను, గాలికి ఎలా వదిలేశావయ్యా అని. కాసేపు ఆయనతో టోపీ గురించే వాదించాను. వెనక పడగ్గదిలో పాప మా అత్తగారికి మొత్తం మళ్ళీ మొదటినుంచి చెబుతోంది, మధ్యలో ఆవిడ "ఆగవే, ఊపిరి తీసుకో" అంటున్నారు. అది విన్నాక, చెప్పుకోవాల్సింది అప్పుడు చెప్పుకున్నాను.