దారిల ఉన్నోళ్ళ గది

మళ్ళ అదే లొల్లి. తాళంచెవి ఏది, తాళంచెవి ఏది అని పొద్దటి సంది ఆ సారు నా పానం తీస్తున్నడు. పోయింది సార్ అన్న. ఎలా పోయిందయ్యా అన్నడు. తాళంచెవులు ఎట్ల పోతయో గట్లనే పోయింది సార్ అన్న. అది నా అంగీ జేబులనే ఉన్నది. ఇది రాస్తుంటే గూడ ఛాతికి కుచ్చుకుంటనే ఉన్నది.

మా ఓనరమ్మ పోయింది. నాచారంల మా గల్లీకి అందరికి ఎర్కే, దూరమున్నోళ్ళకు తెల్వదని చెప్తున్న. గుండెల నొప్పంటే దవాఖానల ఏసినం, మళ్ళ ఇంటికి నడిచి రాలే. రాష్ట్రం వచ్చిందని పోరగాళ్ళు పటాకలు కాలుస్తున్న వారమే అది. ఓనరమ్మను తెస్తున్నమని చెప్తే టక్కున ఆపిన్రు, మంచి పోరగాళ్ళు. ఆమెది గోదావరి దిక్కు. "మీ రాష్ట్రం వస్తే నా చేత ఇల్లు ఖాళీ చేయిస్తావటయ్యా?" అని నన్ను ఎప్పుడు ఎక్కిరిచ్చేది. "కిరాయికి ఉండేటోణ్ణి నేను, ఓనరు మీరు. నేనెట్ల ఖాళీ జేయిస్తనమ్మా?" అనేటోణ్ణి. రాష్ట్రం వచ్చింది. నేను ఇంట్లనే ఉన్న. ఆమెనే ఖాళీ జేసి పోయింది.

ఈ సారు ఆమె తమ్ముడు. ఆమెకు పిల్లలు లేరు, పెనిమిటి ఎప్పుడో పోయిండు. కర్మలన్ని ఈయననే చేస్తున్నడు. "అక్క గురించి నాలుగు మాటలు రాయవయ్యా, మాసికం నాటికి అచ్చు వేయించి అందరికీ ఇద్దాం. దగ్గరుండి చూసినవాడివి" అన్నడు. ఆటో తోలేటోణ్ణి, ఊరి బళ్ళె ఏడు దాంక సదివినోణ్ణి, నేనేం రాస్త? గయినా గేటు ముంగట ఆటో వెనక సీట్ల కూసోని రాస్తున్న. ఇయ్యాల ఇల్లు శుద్ధి. పంతులు వచ్చేలోపల ఇల్లంత ఊడ్చి కడగాలె. కింద మొత్తం అయిపోయింది. మిగిలింది మీది గది ఒక్కటే. దాని తాళంచెవే నా జేబుల ఉన్నది.

ఎందుకు ఇస్తలేనో చెప్పాల్నంటే సిరియా పిల్ల ముచ్చట చెప్పాలె.

ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఒకనాడు బందు, ఒకనాడు రాస్తారోకో. గప్పుడు మా గేటు ముంగట ఒక తెల్లటి పిల్ల వచ్చి టు-లెట్ బోర్డు సూసుకుంట నిలబడ్డది. తార్నాక దిక్కు వర్సిటీల ఒక్క ఏడాది ఇంగ్లీషు కోర్సుకు వచ్చిందంట. పై దేశం పిల్లంటే గల్లీల ఎవ్వలు గది ఇయ్యలే. మా ఓనరమ్మ రిటైరయిన టీచరు. అద్దాలు సదురుకోని, పిల్లను మీదికెల్లి కిందికి సూసి, ఒక్కటే అడిగింది: కోడిగుడ్లు వండుతావా? పిల్ల భయపడి లేదన్నది. గది దొరికింది. వారం తిరగకముందే మీదికెల్లి ఆమ్లెట్ వాసన. ఓనరమ్మ ముక్కు ఎగబీల్చి, నా దిక్కు సూసి, "ఈ పక్కింటివాళ్ళు మరీ పెట్రేగిపోతున్నారయ్యా" అన్నది. పక్కింటోళ్ళు మార్వాడోళ్ళు. ఉల్లిగడ్డ గూడ ముట్టరు.

పిల్ల ఆమెను అమ్మమ్మ అనేది, నన్ను బాబాయ్ అనేది. ఈ వరసలు ఓనరమ్మ నేర్పినయే. మా దిక్కు కాక అంటరమ్మా అంటే, "కాకా అంటే హోటలువాడిని పిలిచినట్టుంటుంది, ఊరుకో" అన్నది. పిల్ల మా ఇద్దరి భాషలు కలిపి కొట్టేది. "బాబాయ్, జర ఆపండి" అనేది. ఆటో గూడ నవ్వేది గావొచ్చు, ఆగేటప్పుడు ఊగేది.

పొద్దుగాల గాజు గ్లాసుల పాలు లేని చాయ్ తాగేది. "అది టీయా, కషాయమా?" అని ఓనరమ్మ మూతి ముడిచేది. నెల దాటినంక ఇద్దరి చేతులల్ల గాజు గ్లాసులే. పొద్దుమీకి మెట్ల మీద కూసోని ఓనరమ్మ చుక్కకూర తెంపుతుంటే, పిల్ల పాఠాలు పైకి సదివేది. తప్పు పలికితే ఓనరమ్మ సరిజేసేది. గోదావరి ఇంగ్లీషు సిరియా దాంక గట్ల పోయింది.

రంజాన్ నెలల నేను ఉప్పల్ కెల్లి హలీమ్ పొట్లం తెచ్చేటోణ్ణి. ఓనరమ్మ మెట్ల కాడ అడ్డం తగిలింది. "ఏమిటది?" "గోధుమలమ్మా." పూరా అబద్ధం గాదు, అండ్ల గోధుమలు ఉంటయి. జరసేపు నన్నే సూసింది. "పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు పిల్ల. గోధుమలు చల్లారకముందే పట్టుకెళ్ళు" అన్నది.

శనివారం వచ్చిందంటే చాలు, "రేపు బండి ఖాళీగా ఉంచవయ్యా" అనేది. ఎటు పోదామమ్మా అంటే, "ఎటైతే ఏమిటి? ఆదివారం గదిలో కూచుంటే పిల్లకి ఇల్లు గుర్తొస్తుంది" అనేది. గట్ల తిరిగినం. కీసర గుట్టకు పోయినప్పుడు పులిహోర పొట్లం కోతి ఎత్తుకపోయింది. పిల్ల ఎంటబడి అరబ్బీల తిట్టింది. కోతికి అరబ్బీ రాదు. తెలుగుల నేను తిడితే గూడ ఇయ్యలే, అది వేరే సంగతి. ఓనరమ్మ మోకాళ్ళు పట్టుకోని మెట్ల మీద కూసోని, కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్వింది. పెనిమిటి పోయినంక ఆమె గట్ల నవ్వంగ గల్లీల ఎవ్వలు సూడలే.

కాప్రా చెరువు కట్ట మీద ఒక ఆదివారం పిల్ల తన ఊరు ముచ్చట చెప్పింది. హమా అంట ఊరి పేరు. నది మీద పేద్ద పేద్ద కట్టె చక్రాలుంటయంట. తిరుగుతుంటే మూలిగినట్టు సప్పుడొస్తదంట. ఆ సప్పుడు లేకుంటే పిల్లలకు నిద్ర పట్టదంట. ఆనాటి సంది ఓనరమ్మ టీవీల వార్తలు వచ్చినప్పుడల్ల ఆ ఊరి పేరు కోసం చెవు పెట్టేది. అప్పటికే ఆడ లడాయి షురువైంది.

ఒకపారి మా ఊరికే తోలుకపోయిన, భువనగిరి అవుతల. ఏండ్ల సంది హైదరాబాదుల ఉన్నా ఓనరమ్మ మా దిక్కు పల్లె సూసుడు గదే మొదలు. గుట్టలు, రాళ్ళు, మేకలు. "ఇక్కడేం పండుతుందయ్యా?" అన్నది. "రాళ్ళు మంచిగ పండుతయమ్మా" అన్న. పిల్ల మాత్రం మా అమ్మ పక్కన అరుగు మీద కూసోని, తన నాయనమ్మ ఊరు గిట్లనే ఉంటది అన్నది. మా అమ్మ జొన్నరొట్టె పెట్టింది. పిల్ల ఆ రొట్టె చేతుల పట్టుకోని ఎక్కెక్కి ఏడ్సింది. మా అమ్మ పరేషాన్ అయింది, రొట్టె మాడిందా అని. ఓనరమ్మ పిల్ల ఈపు నిమురుకుంట, "చల్లారిపోతుందే అమ్మడూ. తిని ఏడు" అన్నది. పిల్ల తినుకుంట ఏడ్సింది. నాకు కష్టం వచ్చినప్పుడల్ల ఆ మాటనే యాదికొస్తది. ఈ పది దినాలల్ల మా ఇంటామె, నా పెండ్లాం, నాకు బువ్వ పెట్టుకుంట అదే మాట అంటున్నది.

కోర్సు అయిపోయింది. ఇంటికాడ తల్లికి బాగలేదని పిల్ల పోత అన్నది. ఓనరమ్మ తిండి మానేసింది. "యుద్ధం జరిగేచోటికి పిల్లని ఎవరైనా పంపుతారటయ్యా? నువ్వు చెప్పు, నీ మాట వింటుంది" అన్నది. చెప్పిన. పిల్ల మొత్తం ఇని, "మీ అమ్మ అయితే మీరు పోరా బాబాయ్?" అన్నది.

కారు మాట్లాడుకోని విమానం కాడ దింపొచ్చినం. ఇంటికి రాంగనే మా ఇంటామె చీపురు పట్టుకోని మీది గదికి పోతుంటే ఓనరమ్మ కిందికెల్లి గావుకేక ఏసింది. "ఊడవకు! మనిషి వెళ్ళగానే ఊడుస్తారా? చేరానని కబురు రానీ." మా దిక్కు గూడ గంతే, ఊరికి పోయినోళ్ళు చేరేదాంక ఇల్లు ఊడ్వం. ఊడిస్తే దారిల ఉన్నోళ్ళను ఊడ్చినట్టే. చీపురు మూలకు పోయింది. తెల్లారి పక్క దేశంల, బీరూట్ల దిగిన అని పిల్ల ఫోన్ జేసింది. ఆడికెల్లి బస్సంట. ఓనరమ్మ చేతులకెల్లి ఫోన్ నేను తీసుకున్న. "భయపడకు బిడ్డా, ఉప్పల్ల నిలబడి భువనగిరి బస్సు ఎక్కినట్టే" అన్న. నవ్వింది. "జర పోయొస్తానండీ బాబాయ్" అన్నది.

ఆ బస్సు ఇంకా చేరలే.

ఏం జేయలే అని అడుగున్రి. ఆ నంబరుకు కొడితే ఒకామె అరబ్బీల ఏదో చెప్తది. మల్లాపూర్ల ఒక మౌల్వీ సాబ్‌కు ఇనిపిస్తే, ఈ నంబరు పనిచేస్తలేదు అంటున్నది అన్నడు. ఎంత దూరం పోయినా ఫోనోళ్ళ మాట ఒక్కటే. వర్సిటీ ఆఫీసుల కోర్సు అయిపోయింది, మాకేం తెల్వదన్నరు. నెట్ సెంటర్ల కూసోని పిల్ల పేరు ఎతికిచ్చిన. గా ఒక్క పేరు మీద గంతమంది పిల్లలు ఉంటరని నాకు ఎర్కలేదు. ఫోటోలల్ల అందరు నవ్వుతనే ఉన్నరు. మన పిల్ల లేదు.

ఆ రెండేండ్లు గది కోసం మనుషులు వచ్చేటోళ్ళు. ఓనరమ్మ గేటు కాడనే చెప్పేది, మనిషి ఉందండీ, దారిలో ఉంది అని. గల్లీల కొందరు ఆమెకు మతి పోయిందన్నరు. నాతోని మాత్రం ఒక్కపారి అన్నది, "నాకేం తెలియదనుకుంటున్నావా? తెలుసయ్యా. కానీ ఊడిస్తే ఒప్పుకున్నట్టు కదా." దవాఖానల గూడ పిల్ల పేరు ఎత్తలే. ముక్కుకు గొట్టం ఉన్నది, దగ్గరికి రమ్మని సైగ జేసి తాళంచెవి నా చేతుల పెట్టి, "మా తమ్ముడికివ్వకు. వాడికి శుభ్రం పిచ్చి" అన్నది. నాతోని ఆమె ఆఖరి మాట గదే.

ఇంత దాంక రాసేవరకు ఆ సారే వచ్చి ఆటోల నా పక్కన కూసున్నడు.

"నీ జేబులోనే ఉందని నాకు తెలుసయ్యా. పొద్దుటి నుంచీ అక్కడే చెయ్యేసుకు తిరుగుతున్నావు. నీకూ గుండెనొప్పేమోనని భయపడ్డాను" అన్నడు.

ఇగ అంత చెప్పిన, మీకు చెప్పినట్టే. ఇని, తల బయటికి పెట్టి మీది గది దిక్కు సూసిండు.

"ఒక్క గది మైలతో ఉన్నా శుద్ధి కాదంటారయ్యా పంతులుగారు. అక్క దాటి వెళ్ళాలి కదా" అన్నడు.

"పిల్ల గూడ చేరాలె గద సార్. ఇద్దరు దారిలనే ఉన్నరు. ఒకల కోసం ఊడిస్తే ఇంకొకలు ఆగిపోతరు. నేనేం జెయ్యాలె?"

ఆయన కండువాతోని మొఖం తుడుచుకున్నడు. "అయితే ఒక పని చెయ్యి. అక్క ఫోటో ముందు నిలబడి నువ్వే చెప్పు, పిల్ల చేరిందని, ఫోనొచ్చిందని. అప్పుడు ఊడవచ్చు కదా. నేను చెబితే నమ్మదు. చిన్నప్పటి నుంచీ నా మాట నమ్మలేదు. నువ్వు చెబితే నమ్ముతుంది."

తాళంచెవి ఇచ్చిన. ఆయన మీదికి పోయిండు. లోపల మా ఇంటామె ఓనరమ్మ ఫోటో ముంగట దీపం పెట్టింది. నన్నే సూస్తున్నది.

ట్రాఫిక్ పోలీసులకు చెప్పిన, గిరాకీలకు చెప్పిన, ఐదు నిమిషాల్ల ఉంటనని జీవితమంత చెప్పిన. అబద్ధం నాకు కొత్తగాదు. గని ఇది నోటికి వస్తలేదు. నమ్మదని కాదు నా ఫికర్, నమ్ముతదని. ఆమె గూడ నమ్మి పోతే, ఇగ ఆ పిల్ల కోసం ఎదురుసూసేటోళ్ళు ఈ దిక్కు ఎవ్వలుంటరు? నేను ఉంట అనొచ్చు. నేనే గద చేరింది అని చెప్పేటోణ్ణి.

ఈడికెల్లి మీది గది కనవడుతది. తలుపు తెరిసిండు. ఇన్ని దినాలకు ఆ గదిల ఎండ పడ్డది. సారు చెప్పులు ఇడిసిండు, చీపురు చేతుల ఉన్నది, గడప మాత్రం దాటుతలేడు. గట్లనే నిలబడ్డడు. శుభ్రం పిచ్చి ఉన్న మనిషి, కాలు లోపల పెడుతలేడు. ఇటు తిరిగి నన్నే పిలుస్తున్నడు.

"ఏమయ్యా! చెప్పావా అక్కకి?"

పోతున్న సార్, చెప్తున్న. ఎట్ల అనాల్నో అది ఒక్కటి రాసుకోని పోత. అమ్మా, ఇప్పుడే ఫోనొచ్చింది, మన పిల్ల మంచిగ...