బ్రేకు పెద్దనాన్న

ఏదైనా ఎలా ఆగుతుందో తెలుసుకోకుండా పెద్దనాన్న దాన్ని మొదలుపెట్టడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆయన గురించి ముప్పాతిక వంతు తెలిసినట్టే. ఇంటికి కొత్త మిక్సీ వస్తే అందరూ అందులో ఏం రుబ్బుదామా అని చూస్తారు. ఆయన మాత్రం ప్లగ్గు ఎంత సులువుగా ఊడుతుందో పదిసార్లు పీకి చూసుకుంటాడు. సైకిలెక్కే ముందు బ్రేకు నొక్కి, వెనకచక్రం పైకెత్తి గిర్రున తిప్పి, మళ్ళీ నొక్కి, అప్పుడు సీటు మీద దుమ్ము తుడుస్తాడు. తుడిచాక బ్రేకు ఇంకోసారి నొక్కుతాడు, ఈలోగా దానికేమైనా అయిందేమోనని.

ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి మరి. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆయన తమ్ముడే జవాబు చెప్పేవాడు. "ఆపడం ఎలాగో ఎవరూ చెప్పలేదట!" పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు కబుర్లకొచ్చి గొంతు సవరించుకుంటే చాలు, పెద్దనాన్న చెయ్యి అడ్డంపెట్టేవాడు. "ఆగవయ్యా. ఇది ఎక్కడ ఆగుతుందో ముందు చెప్పి అప్పుడు మొదలుపెట్టు." పోస్టుమాస్టరు పాపం చివర ముందు చెప్పి, మొదలు తర్వాత చెప్పడం అలవాటు చేసుకున్నాడు. వీధి వీధంతా ఆయన్ని బ్రేకు పెద్దనాన్న అనేది. ఆయనకు ఆ పేరు బిరుదులా ఉండేది.

ఆ తమ్ముడి కూతురికి పదహారేళ్ళు. ఇంట్లో అందరూ అమ్మడు అని పిలుస్తారు. ఎనిమిదో తరగతి దాకా అందరు పిల్లల్లాగే బడికి వెళ్ళింది. ఆ ఏడు మధ్యలో ఎందుకో క్లాసులో లేచి నిలబడితే మాట వచ్చేది కాదు. జవాబు తెలుసు, నోట్లోనే ఉంది, బయటికి రాదు. జవాబు వచ్చేదాకా కూర్చోవద్దన్నాడు లెక్కల మాస్టారు. ఆ పిల్ల గంటలకు గంటలు నిలబడింది. మర్నాడూ నిలబడింది. నెల తిరిగేసరికి వీధి చివర బస్సు హారన్ వినిపిస్తేనే లోపలి గదిలోకెళ్ళి గడియ పెట్టుకునేది. ఒకరోజు బస్సెక్కలేదు. ఇక ఎక్కలేదు.

అప్పట్నుంచీ చదువంతా ఇంట్లోనే. అమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ లేని వేళల్లో లెక్కలూ సైన్సూ చెప్పేది. నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. పగలంతా వంటింటి బల్లకు ఇటు అమ్మడు, అటు పెద్దనాన్న. ఆయనకు రెండే పనులు, పిల్లను కనిపెట్టుకుని ఉండటం, గంటకోసారి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూడటం.

పదిహేనో పుట్టినరోజుకు అమ్మ ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు కొనిచ్చింది. వేలెడంత పచ్చబోర్డు, మధ్యలో నల్లటి చిప్పు. కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి దాన్లోకి పంపిస్తే, మనం చెప్పిందల్లా తు.చ. తప్పకుండా చేసుకుపోతుంది. పుస్తకం ముందేసుకుని, నాలుగు రోజులు కుస్తీపట్టి, ఐదోనాడు అమ్మడు ఒక చిన్న ఎర్రలైటును వెలిగి ఆరేట్టు చేసింది. వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఆ పిల్ల మొహం చూడాలి అప్పుడు!

"భలే!" అన్నాడు పెద్దనాన్న కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "ఎప్పుడు ఆగుతుంది?"

"ఆగదు పెద్దనాన్నా."

"ఆగదంటే?"

"ఇది లూప్. చివరికొచ్చాక మళ్ళీ మొదటికెళ్తుంది."

"అలా ఎంతసేపు?"

"ఎంతసేపైనా. కరెంటు ఉన్నంతసేపు."

పెద్దనాన్న కుర్చీలోంచి లేచాడు. "ఆగనిదాన్ని ఎలా మొదలుపెట్టావే తల్లీ!" అని వరండాలోకెళ్ళి ఏకంగా మెయిన్ స్విచ్చే ఆపేశాడు. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్జు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏమైంది బావగారూ?"

"ఏం లేదమ్మా. చిన్న లైటొకటి ఆపాను, అంతే."

ముగ్గురూ బల్ల వంక చూశారు. లైటు నింపాదిగా వెలుగుతూ ఆరుతూ ఉంది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుందనీ, బోర్డుకు కరెంటు అందులోంచే వస్తుందనీ పెద్దనాన్నకు ఆ రోజే తెలిసింది. ఆయన జీవితంలో అంత పెద్ద ఓటమి అంతకుముందు లేదు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో చట్టం వచ్చింది. ఏ ప్రోగ్రామైనా బోర్డులోకి పంపేముందు అది ఎలా ఆగుతుందో అమ్మడు ఆయనకు నోటితో చెప్పాలి. చెప్పేటప్పుడు అమ్మడు కుర్చీలో కూర్చోవాలి, వినే ఆయన నిలబడతాడు. "అదేంటి పెద్దనాన్నా?" అంటే, "లిఫ్టు దగ్గర మెకానిక్కు కూర్చున్నట్టు ఎక్కడైనా చూశావా?" అనేవాడు.

మొదట్లో ఆ పిల్లకు నాలుగు మాటలు కూడా దొరికేవి కావు. "బటన్..." అని ఆగిపోయేది. పెద్దనాన్న ఊ కొట్టడు, తొందరపెట్టడు, మాట అందివ్వడు. అదేదో సరిగ్గా అప్పుడే గుర్తొచ్చినట్టు చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టేవాడు. ఒక అద్దం, రెండో అద్దం, మళ్ళీ మొదటిది. "...నొక్కితే ఆగుతుంది," అని వాక్యం పూర్తయ్యాకే అద్దాలు ముక్కెక్కేవి. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల బల్ల చరిచి మరీ వాదించే స్థితికొచ్చింది. కళ్ళద్దాలు మాత్రం తుడిచీ తుడిచీ గీతలు పడ్డాయి. ఆయనకు మసకగా కనిపిస్తోందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కళ్ళు బాగానే ఉన్నాయి, అద్దాలు మార్చమన్నాడు.

ఇంతలో ఒక ఎలక్ట్రానిక్స్ కాలేజీ ప్రకటన కనబడింది. ఇంట్లో చదువుకున్న పిల్లలు సొంతంగా చేసిన పరికరం ఒకటి తెచ్చి, ముగ్గురు పరీక్షకుల ముందు నడిపించి, వివరించి చెబితే సీటిస్తారట. ఆ సీటు అమ్మడికి ఎంత కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. ప్రకటన కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. చెయ్యమంటే ఏమైనా చేస్తుంది. చెప్పమన్నారే! ఆ ఒక్క మాట దగ్గర ప్రకటన మళ్ళీ దిండు కిందికి పోయేది.

ఏం చెయ్యాలన్నదానికి మాత్రం ఆలోచించలేదు. లిఫ్టే. బిస్కెట్ల డబ్బా ఒకటి, దారం, పైన ఒక కప్పీ, చిన్న మోటారు, ఆపడానికి ఎర్ర బటన్. మూడు వారాల్లో మూడడుగుల లిఫ్టు లేచింది. ప్రారంభోత్సవం పెద్దనాన్నది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టుకుని, డబ్బా సగం ఎక్కాక ఎర్ర బటన్ నొక్కాడు. డబ్బా ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. డబ్బా పైకెళ్ళి కప్పీకి కొట్టుకుని, దారం తెంపుకుని తిన్నగా టీ గ్లాసు మీద పడింది.

అమ్మడు నవ్వింది. టీ అంతా పెద్దనాన్న చొక్కా మీదే ఉంది, నవ్వక ఏం చేస్తుంది? ఆయన నవ్వలేదు. టీ తుడుచుకోలేదు కూడా.

"నొక్కాను కదే. ఎందుకు వినలేదు?"

"అది పనిలో ఉంది పెద్దనాన్నా. పైకెళ్ళడానికి నాలుగు సెకన్లు లెక్కపెట్టమని రాశాను. లెక్కపెట్టేటప్పుడు అది బటన్ వంక చూడదు."

పెద్దనాన్న ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు. చివరి రెండు వేళ్ళూ వంగవు. ఎందుకని అడగకూడదని అమ్మడికి చిన్నప్పుడే చెప్పి ఉంచారు.

"పనిలో చేరిన కొత్తలో కిందనుంచి ఆపమని అరిచాను. పైనున్నవాడు విన్నాడు. మంచివాడే. చేతిలో పని ఉండి కాస్త ఆలస్యంగా విన్నాడు, అంతే." ఆ చెయ్యి వెనక్కి తీసుకుని అన్నాడు. "దాన్ని మధ్యమధ్యలో తలెత్తి చూడమను తల్లీ."

అమ్మడు ఆ ప్రోగ్రాం మొత్తం చెరిపేసి మళ్ళీ రాసింది. నాలుగు సెకన్లూ ఒక్క గుక్కలో లెక్కపెట్టకుండా చిన్నచిన్న ముక్కలు చేసి, ముక్క ముక్కకూ బటన్ చూసుకునేట్టు పెట్టింది. పెద్దనాన్న పక్కన నిలబడి ఇంకో పని చేయించాడు. బటన్ వైరు తెగిపోయినా డబ్బా కదలకూడదు. "అసలు లిఫ్టు బ్రేకు అలాగే ఉంటుంది. కరెంటుంటేనే వదులుతుంది. ఏం పోయినా పట్టేసుకుంటుంది," అని గర్వంగా చెప్పాడు, బ్రేకు తన సొంత తమ్ముడైనట్టు. అసలు తమ్ముడి గురించి అంత గర్వంగా ఎప్పుడూ చెప్పలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. గేటు దగ్గర అమ్మడు ఆగిపోయింది. "నేను వరండాలో బెంచీ మీదే ఉంటాను. చెప్పులు కూడా విప్పను," అన్నాడు పెద్దనాన్న. మామూలుగా అయితే పది జాగ్రత్తలు చెప్పేవాడు. ఆ రోజు అంతకంటే ఏమీ చెప్పలేదు.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టావిడ, అటూ ఇటూ ఇద్దరు మాస్టార్లు. "కూర్చో అమ్మా," అందావిడ కుర్చీ చూపిస్తూ. అమ్మడు కూర్చుంది.

"ఇది ఎలా పనిచేస్తుందో చెప్పు."

మాట రాలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎడమవైపు మాస్టారు ఏదో అనబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపి, తన కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఒక అద్దం, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది.

అమ్మడు ఆ అద్దాల వంకే చూసింది.

"ముందు... ముందు ఇది ఎలా ఆగుతుందో చెప్తానండీ," అంది.

అక్కణ్ణుంచి ఆ పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. వంటింట్లో కొన్ని వందలసార్లు చెప్పిన జవాబు అది. బటన్ నొక్కి చూపించింది. తలెత్తి చూడటం గురించి చెప్పింది. కుడివైపు మాస్టారు అనుమానంగా బటన్ వైరు పీకేస్తే డబ్బా ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"అరె, వైరు ఊడితే కూడా ఆగిందే!"

"ఊడితే ముందు ఆగాలండీ. ఆ తర్వాతే మిగతావన్నీ."

అంతా అయ్యాక నెరిసిన జుట్టావిడ నవ్వింది. "ఆ బెంచీ మీద కూర్చున్నాయన మీవాళ్ళేనా? మూడు రోజులుగా వస్తున్నారు. ఈ గదికి ఎన్ని తలుపులున్నాయో చూసుకున్నారు. తర్వాత నాతో సంతకం పెట్టించుకున్నారు."

"సంతకమా?"

ఆవిడ సొరుగులోంచి నకలు తీసి ఇచ్చింది. అది లిఫ్టు మరమ్మతుల పాత ఫారం. పరికరం పేరు అన్నచోట "పరీక్ష" అని ఉంది. అత్యవసరంగా ఆపే విధానం అన్నచోట పెద్దనాన్న గుండ్రటి అక్షరాలు. పిల్ల కూర్చునే చెబుతుంది. మాట ఆలస్యమైతే ఎవరూ తొందరపెట్టరాదు, ఆ సమయంలో కళ్ళద్దాలు తుడుచుకోవచ్చు. మధ్యలో ఇంటికి వెళ్తానంటే ఎందుకని అడగకుండా పంపవలెను, తీసుకుపోవడానికి మనిషి బయట సిద్ధముగా ఉన్నాడు. కింద సంతకం, కాలేజీ ముద్ర.

అమ్మడు ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఏడాదిగా వంటింట్లో ఆయన అద్దాలు తుడిచింది తన మాట కోసం ఆగడానికేనని ఆ పిల్లకు అప్పుడర్థమైంది. కాగితం మడిచి చేతిలో పట్టుకుంది. "థాంక్సండీ," అని ఆవిడకు చెప్పి బయటికొచ్చింది.

పెద్దనాన్న బెంచీ అంచున చెప్పులేసుకుని, లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఆపేశావా తల్లీ? పోదామా?"

"ఆపలేదు. అంతా చెప్పేశాను." అమ్మడు ఫారం చూపించింది. "ఇదేంటి పెద్దనాన్నా?"

"ఏదో పాత కాయితంలే," అని ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఈసారి నిజంగానే తుడవాల్సొచ్చింది.

సీటొచ్చింది. కాలేజీ మొదటిరోజు పొద్దున గేటు దగ్గర పెద్దనాన్న అమ్మడి సంచీ పట్టీ పట్టుకుని వదలడం లేదు. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, వాచ్‌మన్ ఎన్నింటికి టీకి వెళ్తాడో ఒకటే చెబుతున్నాడు. గంట కొట్టారు. పిల్లలంతా లోపలికి పోతున్నారు.

"పెద్దనాన్నా, ఆపడం వచ్చేసింది. ఇక మొదలుపెట్టనీ," అంది అమ్మడు.

ఆయన పట్టీ వదిలేశాడు. వదిలేముందు మాత్రం ఇంకోసారి గట్టిగా పట్టి చూసుకున్నాడు.